చరణంలో తగ్గిన సన్నాయి

ఫ్రీజ్ నొక్కిన ప్రతిసారీ చరణంలో సన్నాయి పాతాళానికి పోతోంది.

ప్రేమ్‌కి చెమటలు పట్టాయి. గడియారం రెండున్నర చూపిస్తోంది. నాలుగింటికల్లా పాట ఈశ్వర్‌గారికి చేరాలి.

ఈశ్వర్‌గారికి పండరీ బజారులో బట్టల హోల్‌సేల్ దుకాణం. సరదా పుట్టి ఛత్తీస్‌గఢీలో సినిమా తీస్తున్నారు. పెళ్లికూతురిని సాగనంపే ఈ పాట నచ్చితే మిగిలిన అయిదు పాటలూ ప్రేమ్‌కే ఇస్తానన్నారు. ఆలస్యమైతే ముంబయిలో ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడని కూడా చెప్పారు, నవ్వుతూనే.

సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి, శంకర్ నగర్‌లో ఈ ఒంటిగది స్టూడియో పెట్టి ఏడాది కావస్తోంది. చర్చిలో కీబోర్డు వాయించుకునేవాడికి సినిమా పాటలు ఎవరిస్తారని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. భార్య స్వాతి ఒక్కతే, తన నర్సు జీతంతో ఏడాదిపాటు ఎలాగోలా నెట్టుకొద్దామంది. ఆ ఏడాది ఈ నెలాఖరుతో సరి. పాట పోతే మళ్లీ సిల్తారా బస్సెక్కడమే.

కంప్యూటర్ పాతది. వాయిద్యాలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. కీబోర్డు మీద నొక్కితే డోలూ పలుకుతుంది, వీణా పలుకుతుంది. అన్నీ ఒక్కసారే పలకమంటే మాత్రం దానికి ఆయాసం వచ్చి పాట ఆగి ఆగి నడుస్తుంది. అందుకే ఫ్రీజ్ చేయాలి. అంటే ఒక్కో వాయిద్యం పలికినదాన్ని రికార్డుగా గడ్డకట్టించి పక్కన పెట్టాలి. డోలు, తబలా, వీణ బుద్ధిగా గడ్డకట్టాయి. సన్నాయి మొండికేసింది.

ఫ్రీజ్ తీసేసి విన్నాడు. బ్రహ్మాండంగా ఉంది.

మళ్లీ ఫ్రీజ్ చేశాడు. చరణంలో సన్నాయి వినబడీ వినబడనట్టుంది.

మొత్తం సౌండు పెంచి చూశాడు. చరణం సరిపోయింది, పల్లవి చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఒక్కో ప్రయత్నానికి పది నిమిషాలు హరించుకుపోతున్నాయి.

“బాబూ.”

ఉలిక్కిపడి చూశాడు. ఉక్కకు తెరిచిపెట్టిన గుమ్మంలో ఒక ముసలాయన. మాసిన లాల్చీ, చంకలో పొడవాటి గుడ్డసంచి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. తెలుగువాళ్ల స్టూడియో అని రైల్వే కాలనీలో ఎవరో చెప్పారట. సన్నాయి వాయిస్తాడట, ఏదైనా పని దొరుకుతుందేమోనని వచ్చాడట.

సరిగ్గా ఈ వేళే దొరికిందా ఈయనకి అనుకున్నాడు ప్రేమ్.

“సన్నాయి కంప్యూటర్‌లోనే ఉంది తాతా. మనిషి అక్కర్లేదు.”

ముసలాయన కదల్లేదు. పాట మళ్లీ చరణంలోకి వచ్చింది. ఆయన తల పక్కకి వంచి విన్నాడు.

“గట్టిగా వాయించిన కాడ బానే ఉంది బాబూ. మెల్లగా వాయించిన కాడే పడిపోతంది. తగ్గించిందే మల్లీ తగ్గించినట్టుంది. అంత సన్నంగా ఏ మడిసీ ఊదలేడు, ఊపిరి నిలవదు. ఒకపాలి సూడు.”

“తాతా, కంప్యూటర్ ఎప్పుడైనా ముట్టుకున్నావా?”

“నేదు బాబూ.”

“మరి నాకు నేర్పకు. నా కొంప మునుగుతోంది ఇక్కడ. వెళ్లు.”

ప్రేమ్ లేచి తలుపు వేసేశాడు. గడియ కూడా పెట్టాడు.

మూడు ఇరవై. ఇంటర్నెట్‌లో వెతికాడు, చదివాడు, చెప్పినవన్నీ చేశాడు. ఫలితం సున్నా. మూడున్నరైంది. ఇంకే దారీ తోచక, ఆ ముసలాయన మాటే పట్టుకుని పాటని మళ్లీ మొదటి నుంచి విన్నాడు.

నిజమే. గట్టిగా పలికిన చోట ఏ తేడా లేదు. తను కావాలని తగ్గించిన చోట్లే మరీ తగ్గుతోంది.

అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. పెళ్లికూతురు ఏడ్చే చోట సన్నాయి మెత్తగా ఉండాలని, సౌండు తగ్గమని తనే తెర మీద ఒక గీత గీశాడు. మిగతా వాయిద్యాలకి అలాంటి గీత లేదు. ఫ్రీజ్ చేసినప్పుడు ఆ తగ్గింపు రికార్డులోకి ఎక్కేసింది. గీత మాత్రం అలాగే ఉండి, తగ్గినదాన్ని ఇంకోసారి తగ్గిస్తోంది.

గీత ఆపేశాడు. పాట పెట్టాడు.

చరణం గుండె పట్టేసేలా ఉంది.

నాలుగింటికి ఎనిమిది నిమిషాలుండగా పాట పంపి, గడియ తీసి వీధిలోకి పరిగెత్తాడు. తను అన్న మాటలకి సిగ్గేసింది. రాబోయే పాటల్లో ఒక్కదానికైనా ఆయన చేత వాయించుకోవాలనిపించింది. మూల మీద టీ కొట్టువాడు, అలాంటి బాబా ఒకాయన చాలాసేపు బల్ల మీద కూర్చుని స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయాడని హిందీలో చెప్పాడు. పేరు వాడికీ తెలియదు. ప్రేమ్ అసలు అడగనే లేదు.

గదికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఈశ్వర్‌గారు.

“అయిదు పాటలూ మీవే ప్రేమ్. మా ఇంట్లో ఆడవాళ్లు ఏడ్చేశారు. ఆ సన్నాయి వాయించినాయన పేరు పంపండి, టైటిల్స్‌లో వేద్దాం.”

మనిషి వాయించలేదన్న సంగతి ప్రేమ్ దాచాడు. పంపిస్తానని ఫోన్ పెట్టేశాడు. ఆ శబ్దాలు తయారుచేసినవాళ్ల పేరు పంపి సరిపెడదామని, ఎన్నడూ తెరవని సన్నాయి వివరాల పేజీ తెరిచాడు.

‘ఈ వాయిద్యంలోని ప్రతి స్వరమూ పదకొండు రోజులు కూర్చుని వాయించి ఇచ్చిన విద్వాంసుడు పరదేశి’ అన్న అక్షరాల పైన, మీసం ఇంకా నల్లగా ఉన్న ఆ ముసలాయన ఫోటో ఉంది.