ఒరిగిన అయస్కాంతాలు

"ఇవి చూసి అంటించారా, చూడకుండానా భ్రమరాంబ గారూ?"

ఉర్లా పారిశ్రామికవాడలోని ఫ్యాన్ మోటార్ల ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీరు ఉమేష్ మోటార్లో తిరిగే భాగమైన రోటర్‌ని పైకెత్తి, అయస్కాంతాలు అంటించే భ్రమరాంబని అడిగాడు. సాయంత్రం కొనేవాళ్లకి చూపించాల్సిన నమూనా అది. దాని మీది అయస్కాంతాలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"చూసే అంటించాను సార్. సీధాగా పెడితే తిప్పినప్పుడల్లా ఆగి ఆగి పట్టేస్తంది. మోటార్లో పెట్టి తిప్పండి ఓసారి."

ఆ పట్టు వదిలించడానికే ఉమేష్ ఏడు నెలలుగా కంప్యూటర్లో అయస్కాంతాల ఆకారం మారుస్తున్నాడు. విసుగ్గా రోటర్‌ని మోటార్లో బిగించి చేత్తో తిప్పాడు. ఎక్కడా ఆగకుండా మెత్తగా తిరిగింది.

ఆ పట్టు పోవాలంటే అయస్కాంతాల్ని ఏటవాలుగా పెట్టాలని కాలేజీలో మూడేళ్లు పాఠం చెప్పిన ఘనుడు తనే. పరీక్షలో అది రాయని పిల్లలకి మార్కులు కూడా కోశాడు. తీరా ఇక్కడికొచ్చాక, అంత తేలిక ఉపాయం తన స్థాయికి తగదనుకున్నాడు.

"తప్పయితే పీకేస్తాను సార్."

"పీకకండి," అంటూ ఉమేష్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. "ఎంత ఒరిగించాలో ఎలా తెలిసింది?"

"ఏముంది సార్, తిప్పి చూసుకుంటూ, వేలికి పట్టు తగలడం మానేదాకా జరిపాను."

ఈ ఏడు నెలల్లో తను మోటార్‌ని చేత్తో తిప్పడం ఇవాళే మొదటిసారని ఆమెకి చెప్పుకోలేక, ఉమేష్ మళ్లీ తిప్పాడు.