గుమ్మం పక్క కుర్చీ

ఇలా దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

గోపాలపట్నం నుంచి అనూరాధ అనే ఫిజియోథెరపిస్టు సముద్రం ఒడ్డునున్న ఒక పేటకు వచ్చేది. కాన్పుల మీద కాన్పులై, చేపల గంపలు మోసి మోసి, ఆడవాళ్ళకు పొత్తికడుపు కింద కండరాలు వదులైపోతాయి. దగ్గితే చీర తడుస్తుంది. కొందరికి గర్భసంచే కిందికి జారుతుంది. కండరాలు బిగించే కసరత్తు నేర్పితే చాలామందికి నెమ్మదిస్తుందని, పనిగట్టుకుని ఆ చదువే చదివింది ఆ పిల్ల.

తుఫాను షెల్టరులో ప్రతి బుధవారం మధ్యాహ్నం క్లాసు పెట్టింది. చాపలు పరిచింది. మగవాళ్ళెవరూ తొంగిచూడకుండా కిటికీలు మూసింది.

వచ్చింది ఒక్కతే, ఆ పేటలో ఉండే గంగాలమ్మ అనే పెద్దావిడ.

"నాకేటీ రోగం నేదు తల్లీ. ఒక్కదానివీ కూకున్నావని వచ్చినాను," అంది వక్క నములుతూ. "నాను గుమ్మం కాడ కూకుంటాను. ఎవులొచ్చినా లోపలికి తోల్తాను."

అనూరాధకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మం పక్కన ఆవిడకో కుర్చీ వేసింది.

వారాలు గడిచాయి. వీధిలో చెప్పుల చప్పుడయ్యేది. గుమ్మం దాకా వచ్చేది. ఆగేది. వెనక్కి మళ్ళేది.

"సిగ్గమ్మా ఈళ్ళకి," అనేది గంగాలమ్మ. "ఇప్పుడొచ్చింది ఎవులు, పైడితల్లా? మొకం సూన్నేదు."

ఒకరోజు నూకాలును పెళ్ళీడు కూతురు నీలిమ చెయ్యి పట్టి లాక్కొచ్చింది. నూకాలు గంప ఎత్తి చాలా కాలమైంది. ఎత్తబోతే కింద ఏదో జారిపోతున్నట్టుండేది. చేపలమ్మితే తప్ప పొయ్యి వెలగని ఇల్లు.

గుమ్మంలో అడుగుపెట్టి తలెత్తింది. అంతే, కూతురి చెయ్యి విదిలించుకుంది.

"ఆగమ్మా! ఇది తగ్గిపోయేదే. నేను నేర్పుతాను కదా," అంటూ అనూరాధ వెంటపడింది.

"నాకేటయిందని తగ్గడానికి? ఎవులు సెప్పినారు నీకు? ఎండేసిన సేపలు కుక్కలు తినేత్తన్నాయని ఎల్తన్నాను!"

పేటంతా వినబడేలా అరిచింది నూకాలు. నీలిమ ఏడుస్తూ తల్లి వెనకే పోయింది.

"అరుపు సూడు. ఒంట్లో బాగానే ఉన్నట్టుంది," అని నవ్వింది గంగాలమ్మ.

ఆ తర్వాత గుమ్మం దాకా వచ్చేవాళ్ళు కూడా లేకపోయారు. ఎవరూ రాని చోట క్లాసెందుకని పైవాళ్ళు ఎత్తేశారు. నూకాలుకు ఇప్పుడు మంచం దిగడమే కష్టంగా ఉంది.

ఆఖరి బుధవారం చాపలు చుడుతూ అనూరాధ ఏడ్చేసింది.

"ఇంత చదువూ చదివి ఒక్క మనిషికి కూడా నేర్పలేకపోయానమ్మా. పక్క పేటలో ఇంకొక్కసారి చూడమన్నారు. అక్కడా ఎవరూ రాకపోతే ఈ పని మానేస్తాను. మీరొచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటారా? మీరుంటే నాకు ధైర్యం."

"రాకేటి తల్లీ! అక్కడ మాత్రం నానెరగనోళ్ళున్నారేటి?"

విన్నవాళ్ళు గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి, చెప్పగా చెప్పగా ఎప్పటికైనా అనూరాధ దాకా వెళుతుందేమో: ఆ ఒడ్డు పొడుగునా పేటలన్నిటికీ పెళ్ళి సంబంధాలు కుదిర్చేది, ఏ పిల్ల తల్లికి ఏ జబ్బుందో మగపెళ్ళివారి చెవిన వేసేది ఆ గంగాలమ్మే.