కావాలని రాసిన తప్పు

తొండియార్‌పేట ఆస్పత్రి హాల్లో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి.

కోదండరాం మొహం మాడిపోయింది. చుట్టూ డాక్టర్లు, నర్సులు. తన కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఆయన వాళ్లకు మొదటిసారి చూపిస్తున్నాడు.

మద్రాసును చెన్నై అని కొత్తగా పిలుస్తున్న రోజులవి. ఆ సాఫ్ట్‌వేర్ వస్తే ఇకమీదట రక్తం కోసం ఎవరూ చీటీ పట్టుకుని పరుగెత్తనక్కర్లేదు. వార్డులో అడిగితే చాలు, ఆ కబురు కంప్యూటర్‌లోనే ల్యాబుకు, అక్కడినుంచి బ్లడ్ బ్యాంకుకు వెళ్తుంది. పైగా ఏ వార్డు పద్ధతిని ఆ వార్డు వాళ్లే చిన్న ప్రోగ్రాముగా రాసి అందులో చేర్చుకోవచ్చు. దాని గొప్పంతా అదే.

"ఎవరు ముట్టుకుంది?" కోదండరాం అరిచాడు.

"నేనే," అంది వెనక వరుసలో ఒకామె. యాభై దాటిన మనిషి, నూలు చీర. "మా పద్ధతి మేమే రాసుకోవచ్చని మీరే గదా చెప్పింది. రాసినాను."

సాఫ్ట్‌వేర్ రాసిన మధుమిత గబగబా వెళ్లి తెర చూసింది.

రిపోర్టు వచ్చేదాకా చూస్తూ ఉండమని రాసిందామె. రిపోర్టు రాలేదు. కంప్యూటర్ చూస్తూనే ఉంది. దాని వెనక మిగతా వార్డుల పనంతా ఆగిపోయింది.

"ఇట్లా తప్పుగా రాయకూడదమ్మా!" కోదండరాం విసుక్కున్నాడు.

"తప్పు రాయని మనిషిని మీరు యాడన్నా చూసినారా సార్?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ట్రైనింగ్ ఇస్తాం," అన్నాడు కోదండరాం పళ్లు కొరుకుతూ.

"ఇయ్యండి. అయినా రాస్తారు. కంటి వార్డులో ఎవరో తప్పు రాస్తే, ప్రసవాల వార్డుకు రక్తం ఎందుకు ఆగాల?"

కోదండరాం కంప్యూటర్లు కట్టేయించాడు.

మధుమితకు ఒళ్లు మండింది. నెలల తరబడి కష్టపడి చేసిన పనిని నలుగురిలో నవ్వులపాలు చేసింది ఈమె!

రెండోసారి చూపించినప్పుడు కూడా ఆమె వచ్చింది. ఈసారి ఒకే ఒక్క వరుస రాసింది. సాఫ్ట్‌వేర్ మొత్తం మూసుకుపోయింది.

"ఈ గలాటా మనిషిని బయటికి పంపండి!" కోదండరాం కేకేశాడు.

వాచ్‌మన్ వచ్చాడు. "వాంగమ్మా, రండి," అన్నాడు ఇబ్బందిగా.

"చెయ్యి పట్టుకోవద్దు. నడవడం నాకు తెలుసు," అని ఆమె తలెత్తుకునే నడిచింది.

మధుమిత ఉండబట్టలేక వెంట వెళ్లింది.

"ఎందుకు మేడం ఇట్లా చేస్తా ఉండారు? మామీద ఏం కోపం?"

ఆమె ఆగింది. "రాసింది నువ్వా పాపా? బాగా రాసినావు."

మధుమిత కోపం సగం దిగిపోయింది.

"కానీ మేము రాసేదాన్ని నీ అసలు ప్రోగ్రాంలోనే కలిపి నడిపిస్తా ఉండావు. వద్దు. వేరే ప్రాసెస్‌లో, విడిగా నడిచే ప్రోగ్రాముగా, పెట్టు. పనైతే జవాబు చెప్పనీ. ఎక్కువసేపు పలక్కపోతే దాన్ని ఆపేయి. చస్తే అది ఒక్కటే చావాల, ఆస్పత్రి ఆగకూడదు."

"మీరు ఏ వార్డు మేడం?"

"ఏ వార్డైతే ఏమి? నెత్తురు అందరికీ కావాల గదా," అని ఆమె బస్టాపు వైపు నడిచింది.

చింతాద్రిపేటలోని తమ ఆఫీసుకు రాగానే మధుమిత ఆ మాటే చెప్పింది.

కోదండరాం ఎగిరిపడ్డాడు. "వేరే ప్రాసెసా? నిదానమైపోతుంది. ఇచ్చిన తేదీ దాటిపోతుంది. ఎవరో పిచ్చిది చెప్పిందని..."

"ఆమె చెప్పింది నిజం సార్."

"ఉండేది ఉన్నట్టు ఇచ్చెయ్."

"ఇయ్యను సార్."

ఆఫీసులో టైపు చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"నేను రాసిందానివల్ల ఒక ప్రాణం పోతే నేను అన్నం తినలేను. ఇంకెవరిచేతైనా ఇప్పించుకోండి. నేను మాత్రం ఇయ్యను."

"ఉద్యోగం పోతుంది!"

"పోనీ సార్."

కోదండరాం ఆమెకేసి కళ్లెర్రజేశాడు. మధుమిత చూపు దించలేదు.

"సరి సరి, చేసి ఏడువు," అని ఆయనే తల తిప్పుకున్నాడు.

తేదీ దాటింది. ఆస్పత్రి వాళ్లు విసుక్కున్నారు. మధుమిత మాత్రం అనుకున్నట్టు చేసే ఇచ్చింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఎముకల వార్డులో ఎవరో కొత్త పద్ధతి రాశారు. అది చేసిందే చేస్తూ ఆగకుండా తిరిగింది. సరిగ్గా అప్పుడే ప్రసవాల వార్డులో ఒక తల్లికి రక్తం అవసరమైంది.

ఎముకల వార్డు తెరమీద మాత్రం 'మీరు రాసింది పనిచేయలేదు, ఆపేశాం' అని పడింది. ప్రసవాల వార్డు కబురు నిమిషంలో బ్లడ్ బ్యాంకు చేరింది.

తల్లీ బిడ్డా దక్కారు.

సంగతి తెలిసి కోదండరాం మధుమితను వెంటబెట్టుకుని ఆస్పత్రి మేనేజరు దొరస్వామి దగ్గరికి వెళ్లాడు.

"ఆ రోజు నేను బయటికి పంపించినానే, ఆ అమ్మ ఏ వార్డు? చేతులెత్తి మొక్కాల."

దొరస్వామి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"పంకజమ్మా? ఆమె ఆస్పత్రి మనిషి కాదు సార్. చూసి పోతానంటే కాదనలేకపోయినాను. ఇప్పుడు ఊళ్లో కూడా లేదు. కోయంబత్తూరులో యాడనో పిల్లకాయలకు పాఠాలు చెప్పుకుంటా ఉండాదంట."

"మరి మా సాఫ్ట్‌వేర్ సంగతి ఆమెకెందుకు సార్?" మధుమిత అడిగింది.

దొరస్వామి కిటికీలోంచి వాన చూస్తూ అన్నాడు.

"ఈ ఆర్డరు కోసం మీతో పోటీపడి, అది మీకు దక్కినందుకు మూతబడిన కంపెనీ ఆయమ్మదేనమ్మా."