రెండో రెక్క

తిబో తలుపు ముందుకొచ్చి ఆగాడు. ద్వారం కాసే గొంట్రాన్ ఒక రెక్క తీశాడు.

"రెండోది?" అన్నాడు తిబో.

"అది రాణిగారి కడుపున పుట్టినవాళ్లకి, చిన్నదొరా. మీరు సన్నంగానే ఉన్నారుగా, దూరండి."

లోపల కొలువులో ఉన్నవాళ్లు నవ్వారు.

తిబోకి తొమ్మిదేళ్లు. తండ్రి ఫ్రాన్సు రాజు. ఆ ముక్కు, ఆ నడక, ఎడమ కనుబొమ ఎత్తి చూడడం, అన్నీ రాజువే. తల్లి మాత్రం రాణి కాదు. అందుకని కోటలో అతణ్ని ఒంటిరెక్క దొర అంటారు.

యువరాజుకీ అదే ఈడు. ఆయన వస్తే గొంట్రాన్ రెండు రెక్కలూ గోడకి తగిలేదాకా తీస్తాడు. ఆ బక్కపిల్లాడి కోసం గడ్డిబండి పట్టేంత దారి.

తిబో తల్లి మదాం ద వాల్‌క్రే. రాజుగారు ఆమె గడప తొక్కి చాలాకాలమైంది. ఆమెకు మిగిలింది ఈ పిల్లాడే. కిందటి చలికాలం రాణిగారి పెద్దకొడుకు మశూచితో పోయాడు. మదాం కూడా నల్లబట్టలు కట్టి అందరితో పాటు ఏడ్చింది. ఇంటికొచ్చి కళ్లు తుడుచుకుని కొడుకుని దగ్గరికి లాక్కుంది.

"ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు. వాళ్లకిప్పుడు ఒక్కడే. నిన్ను పిలుస్తారు చూడు, నాన్నా."

"పిలిస్తే రెండోది తీస్తారా?"

"తియ్యక ఛస్తారా?"

చెట్లు చిగురు వేసే వేళకి నిజంగానే పిలిచారు.

రాజుగారు తిబోని కిటికీ వెలుగులో నిలబెట్టి చుట్టూ తిరిగి చూశారు. నోరు తెరవమన్నారు. సంతలో గిత్తని చూసినట్టు పళ్లు చూశారు. పక్కన ఆస్థాన వైద్యుడు ఉన్నాడు.

"ఈడు అదే. ఒడ్డూ పొడుగూ అదే," అన్నాడు వైద్యుడు. "నెత్తురు సంగతి ప్రభువులే సెలవివ్వాలి."

"నాదే," అన్నారు రాజుగారు.

నలుగురి ముందు అన్నారు. మదాం గోడ పట్టుకుంది. ఆ మాట కోసం ఆమె తొమ్మిదేళ్లు కాచుకుంది.

"నీకేం కావాలో అడుగు," అన్నారు రాజుగారు పిల్లాడితో.

గుర్రం అడుగుతాడనుకున్నారంతా.

"రెండో రెక్క."

రాజుగారికి అర్థం కాలేదు. వైద్యుడు చెవిలో చెప్పాడు. రాజుగారి ఎడమ కనుబొమ లేచింది.

"అంతేనా? తియ్యండి."

మర్నాడు గొంట్రాన్ రెండూ తీశాడు. కొలువు లేచి నిలబడింది. ఒంటిరెక్క అన్న నోళ్లే "దయచేయండి" అన్నాయి. తిబో లోపలికెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లాడు. మళ్లీ వచ్చాడు.

"రెక్కలు పీకుతున్నాయి చిన్నదొరా," అన్నాడు గొంట్రాన్. "తలుపువి కాదు, నావి. లోపలో బయటో ఎక్కడో ఓ చోట ఉండండి."

"రేపు కూడా తీస్తావుగా?"

"వద్దనేదాకా తీస్తాను."

అంతటితో ఆగలేదు. తోట చివర మేడ అతనికిచ్చారు. తలుపు తీయడానికి గొంట్రాన్‌నీ అక్కడికే పంపారు. యువరాజు పొద్దున ఏ సూప్ తాగితే తిబోకి అదే. యువరాజు ఏ పిట్టమాంసం తింటే అదే. యువరాజు ఎన్నింటికి పడుకుంటే అప్పుడే దీపం ఆర్పేవాళ్లు.

"సొంత మేడ. యువరాజుకే లేదు," అనుకుంది మదాం.

ఒక పొద్దున ఆస్థాన వైద్యుడే స్వయంగా వచ్చాడు. తిబో ఎడమ జబ్బ మీద సన్నకత్తితో చిన్న గీత గీశాడు. ఆ రుతువులో కోటలో అందరూ చెడురక్తం తీయించుకునేవాళ్లే. కాకపోతే ఈయన గిన్నె తెచ్చుకోలేదు.

"రక్తం పట్టరా?" అంది మదాం.

"రాజుగారి నెత్తురమ్మా. పారబోస్తామా?"

మదాం సిగ్గుపడి నవ్వింది. వైద్యుడు గీతలో ఒక దారప్పోగు ఉంచి కట్టు కట్టాడు. తిబో ఏడవలేదు.

"యువరాజుగారు ఏడ్చారా?"

"ఆయన వంతు ఇంకా రాలేదు."

"అయితే నేనే ముందు," అన్నాడు తిబో. కట్టు కనబడేలా చొక్కా చెయ్యి పైకి మడుచుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

కొన్నాళ్లకి జ్వరం తగిలింది. ఆ తర్వాత ఒళ్లంతా పొక్కులు. మశూచి.

"పాడు రోగం. పెద్దవాణ్ని మింగింది చాలలేదా?" అని మదాం నేలకేసి తల కొట్టుకుంది. "మందివ్వండి బాబూ."

"చూస్తున్నామమ్మా," అన్నాడు వైద్యుడు. పూటపూటకీ వచ్చాడు. దుప్పటి తీసి చూశాడు, కప్పి వెళ్లాడు.

తిబోకి కళ్లు పూడుకుపోయాయి.

"తీసుందా?" అన్నాడు.

"రెండూ తీసే ఉన్నాయి, చిన్నదొరా," అన్నాడు గొంట్రాన్ గుమ్మంలోంచి. ఆ తర్వాత తిబో మళ్లీ అడగలేదు.

పెట్టె తెచ్చారు. చిన్నది. గొంట్రాన్ అలవాటుగా రెండో రెక్క మీద చెయ్యి వేశాడు.

"అక్కర్లేదు," అన్నాడు వెంట వచ్చిన అధికారి. "పడుతుంది."

పట్టింది.

మదాం ఆ పెట్టె వెనకాలే నడిచింది. "నాదే అన్నారు. నలుగురిలో అన్నారు," అని దారి పొడుగునా అంటూనే ఉంది.

అదే పూట వైద్యుడు రాజుగారి గదికి వెళ్లాడు. రాజుగారు కిటికీలోంచి కింద ఆడుకుంటున్న యువరాజుని చూస్తున్నారు.

"మశూచి రాకుండా, మశూచి చీములోనే ముంచి జబ్బలో పెట్టే ఆ దారం యువరాజుగారికి వద్దు ప్రభూ," అన్నాడు వైద్యుడు వంగి, "మీ నెత్తురు దానికి తట్టుకోవడం లేదు."