సీటు మీద మచ్చ

పచ్చకామెర్లతో సోలిపోతున్న భార్య కొండమ్మను పాత టాక్సీ వెనక సీట్లో ఆనించి, పేరయ్య పక్కనే కూర్చున్నాడు. బండి నరసరావుపేట ఆసుపత్రి దారి పట్టింది.

"స్ప్రింగులు గుచ్చుకోవులే పెద్దయ్యా. చిరుగులకు తోలేయించా," అన్నాడు డ్రైవరు కృపావరం. "గుంటూరులో కొనే తాహతేదీ? మా మామ ఐజాకే మనూళ్లో చచ్చిన గొడ్ల తోలు పదును చేసి కుట్టాడు."

సీటు తడుముతున్న పేరయ్య చెయ్యి ఆగింది. తోలు మీద మూడు అడ్డగీతల మచ్చ.

"ఇది మా ఎర్రెద్దురా."

"అవును పెద్దయ్యా. ఆ మచ్చ ఎంత రుద్దినా పోలేదంట."

"యాడ పోద్ది? మేత ముట్టకపోతే నేనే దగ్గరుండి వాతలు పెట్టించా. లేస్తదనుకున్నా."

కొండమ్మ నీళ్ల కోసం చెయ్యి చాపింది. కామెర్లు తగ్గాలని మొన్న మణికట్టు మీద పెట్టించిన మూడు వాతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

పేరయ్య ఆ చేతిని చూశాడు. సీటును చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి సీటు మీది మచ్చను కప్పేశాడు.

"ఏంది, అట్టా చూస్తావు?" అంది కొండమ్మ.

"ఏం లేదే." ముందుకు వంగాడు. "కాస్త తొందరగా పోనీయ్ అబ్బాయ్."

"పాత బండి పెద్దయ్యా. ఇంతకంటే పోదు."