మాత్ర గుణం

"ఆ మాత్ర మార్చేయండి డాక్టరుగారూ. మా ఆవిడ మనిషే మారిపోయింది," అన్నాడు ఫొటో ఫ్రేముల షాపాయన, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే.

పక్క కుర్చీలో ఆయన భార్య చేతిసంచి ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. అసలు ఆ నిటారుగా కూర్చోవడమే ఆయనకు మింగుడు పడటం లేదు. ఒకప్పుడు ఇదే గదిలో గోడకు తల ఆనించి కునికిపాట్లు పడేది. డాక్టరమ్మ ఏం చెప్పినా ఆయనే వినేవాడు, ఆయనే తలూపేవాడు. ఈమధ్య షాపులో పని తెమలక ఆమెను ఒక్కదాన్నే పంపిస్తున్నాడు. కొంప మునిగింది అక్కడేనని ఆయన అనుమానం.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఏదో చెప్పబోయింది.

"ముందు ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వండి," అంది భార్య.

"చూశారా, ఇదీ వరస. ఫిట్స్‌కి ఆ పాత మందు వాడినన్నాళ్లూ నోట్లో నాలుక ఉందా లేదా అన్నట్టుండేది. మీరీ తెల్ల మాత్ర ఇచ్చినప్పటి నుంచీ దేనికైనా ఎదురే. ఇది సైడ్ ఎఫెక్టేనండీ. కొన్ని నరాల మందులు వాడితే కోపం వస్తుందట, మా తమ్ముడు ఫోన్లో చదివి చెప్పాడు."

"కొన్నిటితో వస్తుంది, నిజమే. ఇంతకీ ఏం చేస్తోంది?"

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఒకాయన వాళ్ల నాన్నగారి ఫొటో తెచ్చాడు. నేను బంగారు రంగు అంచు చూపిస్తున్నాను. ఈవిడ వెనక నుంచి వచ్చి, ఆయన ముఖానికి అది నప్పదు, నల్లది వేయించుకోండి అంది. బేరం దగ్గర నా పరువేం కాను?"

"ఆయన నల్లదే వేయించుకున్నాడు," అంది భార్య.

"నేను కోసిన ఫ్రేము మూల కలవలేదని అందరి ముందూ అంది."

"కలవలేదు మరి."

"మా అక్క వచ్చి ఉంటే, వదినగారూ ఎప్పుడు బయల్దేరుతున్నారు అని మొహం మీదే అడిగేసింది. అక్క ఆ పూటే పెట్టె సర్దుకుంది. అదీ పోనివ్వండి. నిన్న షాపు తాళాలు అడిగింది. పొద్దున్నే తనే తెరుస్తుందట."

"మీరు లేచేసరికి ఎండెక్కుతుంది. వచ్చినవాళ్లు షట్టరు చూసి వెళ్లిపోతున్నారు," అంది ఆమె.

డాక్టరమ్మ నవ్వు దాచుకోడానికి కళ్లజోడు తుడవడం మొదలుపెట్టింది. అది చూసి ఆయనకు ఒళ్లు మండింది.

"మీకు నవ్వులాటగా ఉంది. పడేది నేను. ఆ పాత మందే మళ్లీ రాసివ్వండి."

"రాసినా నేను మింగను," అంది భార్య.

ఆమె అరవలేదు. మామూలుగా అంది.

"ఆ మందుకి ఏం తక్కువైందే? ఫిట్స్ ఆగాయి కదా."

"ఆగాయి. దాంతోపాటు నేనూ ఆగిపోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. మేకు అందించమంటే చేతిలో మేకు పట్టుకుని, దీన్నేమంటారా అని ఆలోచించేదాన్ని. చేతులు వణికేవి. మీరడిగిన ప్రతిదానికీ సరే అన్నాను. ఎందుకో తెలుసా? కాదనడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక లేదు నాకు."

ఆమె ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం ఆయన వినలేదు, చాలా ఏళ్లుగా.

"నువ్వు ఫిట్స్ వచ్చి గాజు పలకల మీద పడ్డ రోజు నిన్ను ఎత్తుకుని పరిగెత్తింది ఎవరు?"

"మీరే. కాదన్నానా? మీ చెయ్యి తెగి రక్తం కారుతున్నా నన్ను వదల్లేదు. ఆ మేలు చచ్చేదాకా మర్చిపోను. కానీ ఎత్తుకున్న మనిషిని ఎప్పుడో ఒకప్పుడు కిందికి దించాలి కదండీ."

బయట నర్సు ఎవరినో పిలుస్తున్న గొంతు వినిపించింది. ఆయన తన అరచేతిలోని పాత మచ్చను బొటనవేలితో రుద్దుకున్నాడు. తర్వాత బాగా తగ్గిన గొంతుతో డాక్టరమ్మతో అన్నాడు.

"నాకు భయమండీ. ఇలా ఆవేశపడితే మళ్లీ ఫిట్స్ వస్తాయేమో అని."

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"భయం నాకూ ఉంది," అంది ఆమె. "వస్తే పడతాను, మళ్లీ లేస్తాను. అంతేగాని కునుకుతూ బతకను. తాళాలు ఇవ్వకపోతే పక్క వీధిలో ఇంకో ఫ్రేముల షాపు ఉంది, పనికి మనిషి కావాలని బోర్డు పెట్టారు. నేను కోసిన మూలలు కలుస్తాయి."

"వింటున్నారుగా. ఇవి ఈవిడ మాటలు కావు డాక్టరుగారూ. ఆ మాత్ర మాట్లాడిస్తోంది."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "చెప్పమంటారా?"

"మీరే చెప్పండి. నేను చెబితే అది కూడా మాత్ర మాట్లాడిందే అంటారు."

"ఫిట్స్ రాక ఏళ్లు గడిచాయి," అంది డాక్టరమ్మ ఆయనతో. "పరీక్షలన్నీ చేయించి చూశాను. ఆవిడ ఒప్పుకున్నాకే పాత మందు నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాం. మళ్లీ వస్తే ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం."

"అది సరేనండీ. దాని బదులిచ్చిన ఈ కొత్త మందు సంగతి కదా నేనడిగేది. ఈ కోపం తగ్గాలంటే దీన్ని ఎంత తగ్గించాలి?"

"ఎంత తగ్గించినా లాభం లేదు. పాత మందు ఇన్నేళ్లు వాడితే ఎముకలు గుల్లబారతాయని ఇచ్చాను, అది ఒట్టి కాల్షియం మాత్ర."