పాలు, ఫోను, తలుపు

లోకంలో తల్లులందరూ ఆటలు కట్టిపెట్టమని పిల్లల వెంట పడుతుంటే, చిట్టి వాళ్ళమ్మ మాత్రం ఆడమని వెంట పడుతోంది.

“ఒక్క ఆట ఆడవే, నా బంగారం కదూ!”

“బిస్కట్టు ఇస్తేనే.”

“ఆడితేనే బిస్కట్టు.”

“అయితే రెండు.”

బేరం రెండున్నర దగ్గర తెగింది. దిండు కింద దాచిన ట్యాబ్ బయటికొచ్చింది.

తెర మీద ఓ వంటగది. పొయ్యి మీద పాలు. అవి కాగేలోపు ఫోను మోగుతుంది, ఎవరో తలుపు కొడతారు. ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాత చూసుకోవచ్చో తేల్చుకోవాలి. పాలు పొంగాయా, ఆట అయిపోయినట్టే.

“ఇది కాలక్షేపానికి ఆడేది కాదమ్మా,” అని ఆటల గది నడిపే మేడమ్ మొదట్లోనే చెప్పింది. “ఒక పనిలో ఉండి ఇంకోటి గుర్తుపెట్టుకోవడం, తొందరపడకుండా ఆగడం, ఇవన్నీ దీంతో అలవాటవుతాయి. రోజూ ఆడించాలి.”

చిట్టికి బుద్ధి లేక కాదు, కుదురు లేక వచ్చింది తంటా అంతా అని అమ్మ నమ్మకం. పోయిన నెల నిజం పొయ్యి మీద నిజం పాలు పెట్టి, వీధిలో ఎవరిదో కుక్కపిల్ల కనబడితే దాని వెనకే వెళ్ళిపోయింది. చెప్పుల షాపు దాకా వెళ్ళాక ఇంటి దారి తెలియలేదు. షాపాయన మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, కబురు చేశాడు. ఈలోగా ఇంట్లో గిన్నె మాడి బొగ్గయింది.

ఆ గిన్నె చూసి చిట్టి మేనమామ తల పట్టుకున్నాడు.

“ఇంక నీ వల్ల కాదక్కా. దాన్ని బయట చేర్పించేద్దాం. వేళకి తిండి, వేళకి నిద్ర, తోటివాళ్ళు బోలెడుమంది. నువ్వూ కాస్త నడుం వాలుస్తావు.”

“నేను పక్కన లేకపోతే దానికి నిద్ర పట్టదురా.”

“అదే అలవాటవుతుంది.”

“దానికవుతుందేమో. మరి నాకు?”

మేనమామ మెత్తబడ్డాడు గానీ పట్టు వదల్లేదు. “మేడమ్ పరీక్ష పెడతానంది కదా. ఇంట్లో ఉంచొచ్చని ఆవిడంటే సరే. లేదంటే నా మాట వినాలి.”

అమ్మ నడుం బిగించింది. ట్యాబ్ ఎటు పట్టుకోవాలో తెలియని మనిషి, ముందు తనే ఆట నేర్చుకుంది. మొదటిరోజు తన పాలూ పొంగిపోయాయి. ఆ సంగతి చిట్టికి చెప్పలేదు. ట్యాబ్ చాలదని ఇంట్లోనూ ఆడించింది. పీట మీద గిన్నె పెట్టి అదే పొయ్యి అంది. తనే ఫోనై ట్రింగ్ ట్రింగ్ అంది. తనే తలుపై టకటకలాడింది. కిటికీలోంచి చూసిన పక్కింటావిడ పలకరించకుండానే వెళ్ళిపోయింది.

చిట్టి పొయ్యి కట్టెయ్యడం నేర్చుకుంది. ఫోను ఆగి తియ్యడం నేర్చుకుంది. వచ్చిన చిక్కల్లా తలుపు దగ్గరే. అక్కడ బ్రష్షులమ్మేవాడు ఒకడు నిలబడి ఉంటాడు. ‘వద్దు’ అని నొక్కి తలుపెయ్యాలి. చిట్టి ప్రతిసారీ ‘లోపలికి రండి’ నొక్కేది. వాడు బ్రష్షులన్నీ పరిచి కూర్చునేవాడు, ఆట పోయేది.

“ఎందుకే వాణ్ణి రానిస్తావు?”

“పాపం అమ్మా, ఎండన పడి వచ్చాడు.”

“వాడు బొమ్మే!”

“బొమ్మకి చెమట పట్టదా?”

అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. నిజంగానే వాడి నుదుట చెమట చుక్కలు వేశారు. వేసినవాణ్ణి అమ్మ నోరారా తిట్టింది.

పరీక్ష రోజు రానే వచ్చింది.

“పక్కన కూర్చోండమ్మా. సాయం మాత్రం చెయ్యకూడదు,” అంది మేడమ్. అమ్మ బుద్ధిగా తలూపింది.

పాలు వేడెక్కాయి. ఫోను మోగింది. చిట్టి వేలు ఫోను వైపు వెళ్ళింది.

అమ్మ దగ్గింది. వేలు ఆగింది.

“మంచినీళ్ళు కావాలామ్మా?”

“అబ్బే, ఫ్యాను గాలికి...”

“ఇంకోసారి గాలి తగిలితే మీరు బయట కూర్చోవాల్సి వస్తుంది,” అంది మేడమ్ నవ్వుతూనే.

అమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టి కాసేపు తెర వంక చూసింది. తనంతట తనే పొయ్యి కట్టేసింది. ఫోను తీసి మాట్లాడింది. అంతలో తలుపు చప్పుడు. బ్రష్షులవాడు, వాడి చెమటా ప్రత్యక్షం.

చిట్టి వాణ్ణి జాలిగా చూస్తూ ఉండిపోయింది. అమ్మకి దగ్గు కాదు కదా, ఊపిరి కూడా ఆడలేదు. ఖాళీ ఇల్లు, ఖాళీ మంచం కళ్ళముందు కదిలాయి. భయంతో కళ్ళు మూసుకుంది.

చిట్టి ట్యాబ్ మీదికి వంగి, “ఏమనుకోకు బాబూ, అమ్మ తిడుతుంది,” అని గుసగుసలాడి ‘వద్దు’ నొక్కింది.

మేడమ్ లెక్కలేవో చూసుకుంది. “ఇంట్లోనే ఉంచుకోండమ్మా. ఒంటరిగా పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వద్దు. ఆట మానిపించొద్దు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం.”

అమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వరండాలోకి రాగానే తమ్ముడికి ఫోను చేసింది. “ఏరా, విన్నావా? మా చిట్టి పాసైంది!” ఆ కేకకి ఫోను అక్కర్లేదు.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు. బస్సు కిక్కిరిసి ఉంది.

వృద్ధుల సీట్లలో దర్జాగా కూర్చున్న కుర్రాళ్ళిద్దరూ, తొంభై దాటిన అమ్మను చూసి ఒకడూ, డెబ్భై దాటిన చిట్టిని చూసి ఇంకొకడూ గబుక్కున లేచి నిలబడ్డారు.